సాయమా, బాకీయా? ముందే తేల్చాలె

కరువు ఏడు దొర గడి నుంచి రెండు కుంచాల జొన్నలు పెడితే మా తాతలు దండం పెట్టి తెచ్చుకున్నరు. పంట చేతికొచ్చినంక అవే జొన్నలు నాగు కింద లెక్కకెక్కినయి. పెట్టిననాడు ధర్మం, అడిగిననాడు బాకీ. లెక్క రాసే చెయ్యి దొరది, వేలిముద్ర మనది. ఆ బాకీ తీరక మా ఇంట్ల ఒక పిల్లగాడు జీతముండవలసి వచ్చింది.

దేశాల నడుమ కూడా ఇదే కథ నడిచింది. దాని దెబ్బ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల దాకా తాకింది.

1980లో ఇరాన్, ఇరాక్ యుద్ధం మొదలైంది. ఇరాక్ చమురు ఎగుమతి రేవులు దెబ్బతిన్నయి. 1982లో సిరియా తన భూమి మీదుగా పోయే గొట్టం మూసేసింది. అప్పుడు పొరుగున ఉన్న సౌదీ, కువైట్ తమ ఉమ్మడి తటస్థ ప్రాంతంలో తీసిన ముడి చమురును ఇరాక్ పేరు మీద అమ్మిపెట్టినయి. రోజుకు దాదాపు 3 లక్షల పీపాలు. ఇది ప్రేమతోని చేసిన పనా? కాదు. ఇరాన్ తమ గడప తొక్కకుండా ఇరాక్ అడ్డం నిలబడాలని.

1988లో యుద్ధం ఆగింది. తగాదా మొదలైంది. కువైట్ తన లెక్కల్లో దాన్ని అప్పుగానే ఉంచింది. 'మీ కోసం కూడా నెత్తురు ధారపోసినం, అది బాకీ ఎట్లయితది?' అన్నది ఇరాక్. 1990 జూలైలో అరబ్ లీగ్‌కు రాసిన లేఖలో ఈ మాట ఎత్తింది. చమురు ధర పడిపోవుడు, రుమైలా బావుల పంచాయితీ కూడా దానికి తోడైనయి. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది.

ఆ సంతకాలలో మన వాడల కూలోళ్ల మాట ఏమన్న ఉన్నదా? లేదు. కాని ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాలెక్కింది వాళ్లే. 488 విమానాల్లో 1 లక్షకు పైగా భారతీయులు తిరిగొచ్చిండ్రు. మేమప్పుడు బడి పిల్లలం. ఒట్టి సంచితోని వాడకట్టుకు వచ్చిన మనిషి ఇంటి ముందు, వీసాకు అప్పిచ్చినాయన మరునాడే నిలబడ్డడు.

తర్వాత ఐక్యరాజ్య సమితి పరిహార సంఘం, వెళ్లగొట్టబడ్డ కూలీలకు మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా ఇప్పించింది. ఆ సొమ్ము ఇరాక్ చమురు నుంచే తీసిండ్రు. 2022 జనవరి దాకా ఇరాక్ కట్టిన మొత్తం పరిహారం 5,240 కోట్ల డాలర్లు. కట్టింది ఎవరు? యుద్ధం చెయ్యమని అడగని ఇరాక్ జనం.

సాయం వద్దని మేం అంటలేం. పొరుగోడు ఆపదలో ఉంటే పెట్టాలె. 2022లో శ్రీలంకకు పెట్రోలు, డీజిలు కొనటానికి మన దేశం 50 కోట్ల డాలర్లు ఇచ్చింది. అది అప్పే, అప్పని రాసే ఇచ్చిండ్రు. ఇచ్చేటోడు అట్ల చెప్పి ఇయ్యాలె, తీసుకునేటోడు అడిగి తీసుకోవాలె.

గల్ఫ్ పోయే తమ్ముళ్లారా, 'పైసల సంగతి తర్వాత చూద్దాం' అని ఏజెంటు అంటే ఒప్పుకోకండి. జీతమెంత, కోత ఎంత, తిరుగు టికెట్ ఎవరిది, కాగితం మీద రాయించండి. చదవరాకపోతే మా బడికి తెండి. కూసుండి చదివి చెప్తం.