మరణ ధ్రువపత్రం కూడా ఇంటికే రావాలి

మనిషి కన్నుమూసిన తరువాత చేయవలసిన పనులు మా నర్సులకు శిక్షణలోనే నేర్పుతారు. సెలైన్, గొట్టాలు తీసివేయడం, శరీరాన్ని శుభ్రపరచి తెల్లని దుప్పటి కప్పడం, ఇంటివారు కాసేపు దగ్గర కూర్చునేలా చూడడం. ఆ తరువాత కుటుంబం చేయవలసిన పనులు మాత్రం ఎవరికీ ఎవరూ నేర్పరు. భూస్థాపన ముగిసి, చుట్టాలు వెళ్ళిపోయాక, ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలవుతుంది. "సిస్టరమ్మా, డెత్ సర్టిఫికెట్ ఎక్కడిస్తారమ్మా?" అనే మాట మేము తరచుగా వింటూనే ఉంటాము.

ఆ ఒక్క కాగితం లేకపోతే పింఛను లేదు, బీమా లేదు, బ్యాంకులో డబ్బు చేతికి రాదు, పొలం పేరు మారదు. అందుకే దీని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, మరణాన్ని 21 రోజులలోగా, అది జరిగిన చోటనే నమోదు చేయించాలి. ఆసుపత్రిలో జరిగితే తెలియజేసే బాధ్యత ఆసుపత్రిది. ఇంటిలో జరిగితే ఇంటి పెద్దది. పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్టణంలో మున్సిపల్ ఆఫీసులో చెప్పాలి. తికమక ఇక్కడే వస్తుంది. పల్లె మనిషి పట్టణంలోని ఆసుపత్రిలో చనిపోతే నమోదు పట్టణంలో జరుగుతుంది. ఇంటివారు మాత్రం తమ ఊరిలో అడుగుతారు. చివరి ఊపిరి ఇంట్లోనే విడవాలని తీసుకువెళ్ళినవారి నమోదు ఊరిలోనే జరగాలి. వారి ఇంటివారేమో ఆసుపత్రికి వస్తారు. రెండు చోట్లా "ఇక్కడ కాదు" అనే జవాబే. ఇలా తిరిగిన ప్రతి రోజూ ఒక రోజు కూలి పోయినట్లే. గడువు దాటి 30 రోజులు మించితే జిల్లా స్థాయి అనుమతి కావాలి, ఏడాది మించితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

ఈ చట్టాన్ని 2023లో సవరించారు. నమోదైన 7 రోజులలోగా ధ్రువపత్రాన్ని ఉచితంగా ఇవ్వాలని అందులో ఉంది. మంచిదే. కానీ ఇవ్వవలసింది "సమాచారం ఇచ్చినవారికి". ఆసుపత్రిలో జరిగిన మరణానికి సమాచారం ఇచ్చేది ఆసుపత్రే కదా! కాగితం కావలసిన భార్యాబిడ్డలు మళ్ళీ వెదుక్కుంటూ రావలసిందే. మరణాల వివరాలను ఓటర్ల జాబితాకు, రేషన్ కార్డులకు వాడుకొనే వీలు కూడా ఆ సవరణలోనే ఉంది. చనిపోయినవారి పేరు కొట్టివేయడానికి కబురు తనంతట తానే వెళ్ళగలిగినప్పుడు, బ్రతికి ఉన్నవారికి రావలసినది ఇవ్వడానికి ఎందుకు వెళ్ళకూడదు? ఇదే మా ప్రశ్న.

చేయలేని పని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి గ్రామ, వార్డు సచివాలయాలు ఉన్నాయి. వాటి సిబ్బంది నెలనెలా పింఛను ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు నెలకు 4000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు కూడా 2024లో వచ్చింది. డబ్బు గడప దాకా తెచ్చే ప్రభుత్వం కాగితాన్ని తేలేదా? మరణం ఎక్కడ నమోదైనా, ధ్రువపత్రం ఆ కుటుంబం ఉండే ఊరి సచివాలయానికి చేరాలి. అక్కడి ఉద్యోగి దానిని ఇంటికి తెచ్చివ్వాలి. ఆ కుటుంబానికి ఏమేమి రావాలో చెప్పి, దరఖాస్తులు అక్కడే వ్రాయించుకోవాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం తహశీల్దారు ఆఫీసుకు వెళ్ళే పనీ దానితోనే తీరాలి. దినాలు కూడా కాకముందే ఒక స్త్రీని వీధిన పెట్టి తిప్పడం ఏ మతం వారికైనా, ఏ కులం వారికైనా కష్టమే.

అంతవరకు మన చేతిలో ఉన్నవి మనం చేసుకుందాము.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు రోగి పేరు, తండ్రి లేక భర్త పేరు ఆధార్ కార్డులో ఉన్నట్లే వ్రాయించండి. ఒక్క అక్షరం తేడాతో కాగితం వెనక్కి వస్తుంది.

మరణ కారణం తెలిపే డాక్టరు ధ్రువపత్రం నకలు అడిగి తీసుకోండి. దానికి రుసుము లేదు.

చనిపోయినవారి బ్యాంకు పుస్తకం చూడండి. ఏడాదికి 436 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా, 20 రూపాయలయితే ప్రమాద బీమా కావచ్చు. ఒక్కొక్కటి 2 లక్షల రూపాయలు. చాలా ఇళ్ళలో ఈ సంగతి తెలియక అడగనే అడగరు.

ఖాతాకు నామినీ పేరు ఈ రోజే వ్రాయించండి. నామినీ ఉంటే కోర్టు వారసత్వ పత్రం లేకుండానే డబ్బు ఇవ్వాలి.

సంఘ పెద్దలకు ఒక మనవి. చర్చి సమాధుల రిజిస్టరులో పేరు వ్రాసినంత మాత్రాన మరణం ప్రభుత్వం వద్ద నమోదయినట్లు కాదు. శ్మశానవాటిక నిర్వహించేవారు కూడా మరణాన్ని రిజిస్ట్రారుకు తెలియజేయాలని ఆ చట్టంలోనే ఉంది. పేరు వ్రాసేటప్పుడే "నమోదు చేయించారా?" అని అడగండి. చదువు రాని కుటుంబమయితే యువకులలో ఒకరిని తోడు పంపండి.

మీ ఊరి గ్రామసభలో, మీ వార్డులో ఈ విషయం లేవనెత్తండి. ధ్రువపత్రం ఇంటికే పంపమని అర్జీ వ్రాసి ఇవ్వండి. ఎలా వ్రాయాలో తెలియకపోతే మా వద్దకు రండి, సాయం చేస్తాము.