అమ్మ మందుల డబ్బాలోని నిద్రగోలీల షీటు బయటికి తీయండి!

పెద్దల కొడుకులకు, కూతుళ్ళకు, కోడళ్ళకు, అల్లుళ్ళకు ఒక విన్నపం.

ఈ కాగితం మడిచి పక్కన పెట్టేలోగా ఇంట్లో మందుల డబ్బా తెరవండి. బీపీ, షుగర్ గోలీల నడుమ ఇంకో చిన్న షీటు ఉందేమో చూడండి. కంపెనీ పేరు ఏదైనా కానీ, దాని కింద సన్న అక్షరాల్లో ఆల్ప్రాజోలాం, డయాజిపాం, క్లోనాజిపాం, లోరాజిపాం, జోల్పిడెం అన్న పేర్లలో ఏది కనబడ్డా ఈ కరపత్రం మీ ఇంటి కోసమే.

ఇంటాయన పోయిన దుఃఖంలోనో, ఆపరేషన్ అయ్యాకనో డాక్టరు పది రోజులకని రాసిస్తారు. ఆ పది రోజులు చూస్తుండగానే ఏళ్ళు అవుతాయి. చీటీ ఎప్పుడో చిరిగిపోతుంది. ఖాళీ షీటు చూపిస్తే చాలు, షాపులో కొత్తది చేతిలో పెడతారు. ఇంకా ఎందుకు వేసుకుంటున్నావమ్మా అని అడిగే మనిషే ఉండడు.

వయసు మళ్ళిన ఒంట్లో ఈ మందు తొందరగా దిగదు. ఇరవై ఏళ్ళవాడి ఒంట్లో డయాజిపాం సగానికి తగ్గడానికి ఒక రోజు పడితే, ఎనభై ఏళ్ళ మనిషికి మూడు రోజులు దాటుతుంది. నిన్నటి మత్తు దిగకముందే ఇవాళ్టి గోలీ పడుతుంది. అర్ధరాత్రి బాత్‌రూంకు లేచినప్పుడు కాళ్ళు తేలిపోతాయి, గోడ అందదు, తుంటి విరుగుతుంది. తుంటి విరిగిన ముసలివాళ్ళలో చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. పగలంతా కునుకుపాట్లు, అడిగిందే అడగడం, పేర్లు మరచిపోవడం మొదలైతే వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకండి. అందులో గోలీ వంతు ఎంతో డాక్టరును అడగండి.

65 దాటినవాళ్ళకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా ఒకటి 1991 నుంచీ ఉంది. బీర్స్ జాబితా అంటారు. ఈ నిద్రగోలీలు అందులో ఉన్నాయి.

తెలంగాణ పల్లెలకు ఈ మందు కొత్తది కాదు. కల్తీ కల్లులో కలిపేది ఈ ఆల్ప్రాజోలాం, డయాజిపాంలనే. 2015లో అధికారుల దాడులు జరిగి ఆ కల్లు దొరక్కుండా పోయినప్పుడు నిజామాబాద్ వంటి జిల్లాల్లో జనం వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిగా మాట్లాడుతూ దవాఖానల పాలయ్యారు. మోతాదు వేరు కావచ్చు, అలవాటు చేసే గుణం ఒక్కటే. కల్లుకుండలో ఉంటే విషమన్న మందును అమ్మ దిండు కింద చూసి ఊరుకుందామా?

అలాగని తొందరపడొద్దు; ఆ కల్లు ఆగినప్పుడు ఏమైందో చూశాం, అందుకే మరీ మరీ చెబుతున్నాం: <b>ఈ గోలీలు ఒక్కసారిగా మానకండి, మాన్పించకండి.</b> ఏళ్ళ తరబడి వేసుకున్న మనిషికి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా, వారాలు నెలలు తీసుకుని తగ్గించాలి. ఆ రోజుల్లో కొన్ని రాత్రులు నిద్ర పట్టదు, చిరాకు వస్తుంది. ఇంట్లోవాళ్ళు తోడుండాల్సిన సమయం అదే.

రాత్రి ఎనిమిదింటికి పడుకుని మూడింటికి మెలకువ వస్తే అది జబ్బు కాదు, ఏడు గంటల నిద్ర అయిపోయింది. ఇంకాస్త ఆలస్యంగా పడుకోండి. మధ్యాహ్నం కునుకు, సాయంత్రం టీ తగ్గించండి. మోకాళ్ళ నొప్పి లేపుతుంటే నొప్పికి వైద్యం చేయించండి. ఒంటరితనం లేపుతుంటే దానికి మందు షాపులో లేదు. అమెరికా నుంచి ఫోన్ చేసే బిడ్డలారా, గోలీ వేసుకున్నావా అని కాదు, నిద్ర ఎందుకు పట్టట్లేదమ్మా అని అడగండి. చెప్పేదాకా వినండి.

మెడికల్ షాపుల యజమానులారా! ఆల్ప్రాజోలాం, డయాజిపాం, జోల్పిడెం హెచ్1 షెడ్యూలు మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ రాసిన డాక్టరు, రోగి, మందు పేర్లు, ఎన్ని గోలీలు ఇచ్చారన్నది రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. 2014 మార్చి నుంచి ఇది చట్టం. ఖాళీ షీటు చీటీ కాదు. ఎదురుగా నిలబడ్డది రేపు జారిపడబోయే ఒక తల్లి అని గుర్తుపెట్టుకుని వెనక్కి పంపండి.

కాగితంతో ఏమవుతుందని అనుకోకండి. కెనడాలో ఏళ్ళుగా ఈ గోలీలు వాడుతున్న పెద్దవాళ్ళకు, వాటి ప్రమాదాలూ మానే పద్ధతీ రాసిన చిన్న పుస్తకం ఒకటి పంపారు. ఆరు నెలల్లో నూటికి 27 మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందనివారిలో మానింది నూటికి 5 మందే. 2014లో ప్రచురించిన లెక్క ఇది.

ఈ వారమే డబ్బాలోని మందులన్నీ, దగ్గు సిరప్‌తో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకో, బస్తీ దవాఖానకో, పీహెచ్‌సీకో వెళ్ళండి. ఈ గోలీ ఇంకా అవసరమా, ఎలా తగ్గించాలి అని నోరు విడిచి అడగండి. మందు అలవాటుతోనో మనసు బాధతోనో సతమతమవుతుంటే టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.