సంచిలో పదిహేనోది

ఊరెళ్లినా, పరీక్షకెళ్లినా గడప దాటేముందు సంచి ఓసారి చూసుకోమంటారు పెద్దలు. ఆ పని మరిచిపోతే ఏమవుతుందో వేల్స్ గోల్ఫర్ ఇయాన్ వూస్నమ్‌కి బాగా తెలుసు!

గోల్ఫ్‌లో ఒక్కో దూరానికి ఒక్కో కర్ర. వాటినే క్లబ్బులంటారు. ఒకప్పుడు ఎన్ని పట్టుకెళ్లినా అడిగేవారు లేరు. 1930ల్లో అమెరికన్ ఆటగాడు లాసన్ లిటిల్ ముప్ఫై దాకా వేసుకెళ్లేవాడట. మోసేది అతను కాదుగా, పాపం క్యాడీ! పైగా, చేతి నేర్పుతో కొట్టాల్సిన దెబ్బను కర్రలతో కొనేస్తున్నారన్న విమర్శ ఒకటి. దాంతో అమెరికా గోల్ఫ్ సంఘం 1938 నుంచి 14కు మించకూడదంది. మరుసటి ఏడాది బ్రిటన్‌లోనూ అదే నియమం వచ్చింది.

2001 బ్రిటిష్ ఓపెన్ ఆఖరి రోజు. వూస్నమ్ ఆధిక్యాన్ని పంచుకుంటూ బరిలోకి దిగాడు. మొదటి హోల్‌ని రెండే దెబ్బల్లో ముగించాడు. రెండోది మొదలుపెట్టబోతుంటే క్యాడీ చల్లగా చెప్పాడు... సంచిలో 15 ఉన్నాయని! సాధనకు తెచ్చిన రెండో డ్రైవర్ అందులోనే ఉండిపోయింది. కోపంతో దాన్ని విసిరికొట్టినా జరిమానా తప్పలేదు. రెండు కాస్తా నాలుగయ్యాయి. చివరికి మరికొందరితో కలిసి మూడో స్థానంలో నిలిచాడు. ఆ రెండూ తీసేసి చూస్తే రెండో స్థానం అతనొక్కడిదే.

విచిత్రమేంటంటే, ఆ కర్రతో అతను పోటీలో ఒక్క బంతీ కొట్టలేదు. గోల్ఫ్‌లో వాడినవి కాదు, మోసినవే లెక్క!