మందుచీటీని వర్ణించడం గుమాస్తా పనా?

ఆ మధ్య మా సాహిత్య సమావేశానికి ఒక డాక్టరు మిత్రుడు వచ్చాడు. మాటల సందర్భంలో ఆయన అన్నది ఇది: "ఆస్పత్రుల్లో యే మందు ఎంతమందికి రాశారో లెక్కలు కట్టి, దానికి పరిశోధన అని పేరు పెడుతున్నారు. అది గుమాస్తా పని. కొత్త మందు కనిపెట్టడం పరిశోధన. యీ మందు ఆ మందుకన్న మేలని నిరూపించడం పరిశోధన. వున్నదాన్ని వున్నట్టు రాసుకుపోతే యేం తేలుతుంది?" సభలో చాలామంది తలలూపారు. వారిలో మన కథకులు ఇద్దరున్నారు. డాక్టరు మాటకు నాకు కష్టం వెయ్యలేదు. ఆ రెండు తలలు వూగినందుకు వేసింది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. వైద్యం నాకు తెలియదు. కాని వర్ణన సంగతి కొద్దో గొప్పో తెలుసు. మన ప్రబంధకవులు అష్టాదశ వర్ణనల పేరుతో పురాన్ని వర్ణించారు, సముద్రాన్ని వర్ణించారు, చంద్రోదయాన్ని వర్ణించారు. ఆ పురంలో ఎన్ని పొయ్యిలు వెలగలేదో చెప్పలేదు. వర్ణన అంటే అలంకారమే అనుకునే అలవాటు మనకు అక్కడినుంచి వచ్చింది. వున్నదాన్ని వున్నట్టు చెప్పడమంత కష్టమైన పని మరొకటి లేదని ఆధునిక సాహిత్యం మనకు నేర్పింది. నేర్చిన పాఠాన్ని ఆస్పత్రి గుమ్మం దగ్గరే యెందుకు మరిచిపోవాలి?

గురజాడ 1897లో కన్యాశుల్కం తొలి ముద్రణకు ఇంగ్లీషులో పీఠిక రాశాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాలకు మహారాజావారు జాబితా తయారు చేయించిన సంగతి అందులో వుంది. లెక్కకు వచ్చినవి 1034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ జాబితా యే కారణాన్నీ నిరూపించలేదు. అది వట్టి లెక్కే. కాని ఆ లెక్క తర్వాత "ఎక్కడో ఒకటీ అరా జరుగుతుందేమోలెండి" అని తప్పుకోవడానికి యెవరికీ వీలు లేకపోయింది. మహానాటకానికి పీఠికలో చోటు దక్కించుకున్న గుమాస్తా పని అది!

ఇప్పుడు ఆస్పత్రికి వద్దాం. 2021 నవంబరునుంచి 2022 ఏప్రిల్ దాకా మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం దేశంలోని 20 పెద్ద ఆస్పత్రుల్లో ఇలాంటి లెక్కే తీసింది. పద్ధతి చాలా సాదా. ఒక నిర్ణీత దినాన వార్డులో పడకమీద వున్న రోగులందరి కాగితాలూ చూడటం, ఎవరికి యే యాంటీబయాటిక్ యెందుకిస్తున్నారో రాసుకోవడం. మొత్తం 9652 మంది. వారిలో నూటికి 71.9 మందికి యాంటీబయాటిక్ నడుస్తున్నది. సగం కన్న ఎక్కువమందికి, అంటే నూటికి 55 మందికి, అది జబ్బుకు కాదు, రాబోయే జబ్బు రాకుండా ముందుజాగ్రత్తకు. చికిత్సకోసం పుచ్చుకుంటున్న మిగిలినవారిలో, యే సూక్ష్మజీవి జబ్బుకు కారణమో తేల్చుకున్న తర్వాత మందు ఇచ్చింది నూటికి ఆరుగురికి. తక్కినవారికి ఊహమీదనే ఇచ్చారు.

"పెద్దాస్పత్రికి ముదిరిన జబ్బులే వస్తాయి. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగితే రోగి ఆగడు" అంటారు డాక్టర్లు. నిజమే. యీ లెక్క యెవరినీ దోషిగా నిలబెట్టదు. నిలబెట్టగలదని యెవరన్నా అంటే నేనూ ఒప్పుకోను. కాని ఆరు అనే అంకె బయటపడ్డ తర్వాత, పరీక్ష చేసే గది ఎన్ని ఆస్పత్రుల్లో వుంది, ఫలితం ఎన్నిరోజులకు వస్తుంది, వచ్చిన ఫలితాన్ని యెవరన్నా చూస్తున్నారా అని అడగక తప్పదు. లెక్క లేనప్పుడు యీ ప్రశ్న లేదు. డాక్టరు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న ఒక్కటే వుంది. మన కథకులు పాతికేళ్ళుగా దాన్నే పట్టుకు వేళ్ళాడుతున్నారు. కథలో డాక్టరు దేవుడన్నా అవుతాడు, జలగన్నా అవుతాడు. చీటీలో యేముందో చదివిన కథకుణ్ణి నేనింకా చూడలేదు.

నేను చదివాను. చదవవలసివచ్చింది. మా అమ్మ జ్వరంతో ఒక ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది. ఇంటికి పంపేటప్పుడు జ్వరం చూసిన డాక్టరు ఒక చీటీ ఇచ్చాడు, మోకాళ్ళు చూసిన ఎముకల డాక్టరు మరొక చీటీ ఇచ్చాడు. అన్నీ కలిసి పదకొండు మందులు. నాలుగో రోజుకు కడుపులో మంట, ఆరో రోజుకు విరేచనం నల్లగా అయింది. ప్రూఫులు దిద్దే అలవాటువల్ల డబ్బాలమీది చిన్నక్షరాలు చదివాను. పెద్దక్షరాల పేర్లు వేరు; రెండు డబ్బాలమీదా చిన్నక్షరాల్లో వున్నది ఒక్కటే, డైక్లోఫెనాక్. నొప్పి మందును అమ్మ రెట్టింపు మింగుతున్నది. 2002 నాటి వైద్యుల ప్రవర్తన నియమావళి మందును అసలు పేరుతో రాయమంటుంది. రాసివుంటే మందులషాపు కుర్రవాడే పట్టుకునేవాడు.

ఆ డాక్టర్లు దుర్మార్గులా? కారు. ఒకరి చీటీ మరొకరు చూడలేదు, అంతే. రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఆస్పత్రిలో లేడు. ఆ చూసే పనికే మా మిత్రుడు గుమాస్తా పని అని పేరు పెట్టాడు.

ఐతే యీ లెక్కల పక్షాన వున్నవారితోనూ నాకు పేచీ వుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో బయటిరోగుల చీటీలకు అయిదు కొలతలు చెప్పింది: చీటీకి సగటున ఎన్ని మందులు, అసలు పేరుతో రాసినవి నూటికెన్ని, యాంటీబయాటిక్ వున్న చీటీలెన్ని, ఇంజెక్షనున్నవెన్ని, అత్యవసర మందుల జాబితాలోనివెన్ని. మంచి కొలతలే. వాటిని పట్టుకుని ఫార్మసీ విద్యార్థులు చీటీలు పోగుచేసి, సగటు తీసి, బైండు చేయించి బీరువాలో పెడుతున్నారు. ఆ సగటు చూసి యే డాక్టరూ కలం ఆపడు, ఎందుకంటే ఆయనకు యెవరూ చూపించరు. రోగి ఆ మందు కొన్నాడా, అప్పుచేసి కొన్నాడా, సగమే కొన్నాడా? చీటీలో రాసింది, నర్సు ఇచ్చింది, రోగి మింగింది మూడూ ఒకటి కావు. కాగితం చూస్తే మొదటిదే తెలుస్తుంది. మిగతా రెంటికీ మంచం పక్కన నిలబడాలి. మందుల వినియోగాన్ని నిర్వచిస్తూ 1977లో అదే సంస్థ వైద్య ఫలితాలతోపాటు సామాజిక, ఆర్థిక ఫలితాలను కూడా చేర్చింది. ఆ రెండు మాటల్నీ వదిలేసి సగటుల్ని పట్టుకోవడం, చంద్రోదయాన్ని వర్ణించడంలాంటిదే.

సమావేశం అయ్యాక అమ్మ కాగితాలు మిత్రుని చేతిలో పెట్టాను. దీపం దగ్గరికి తీసుకువెళ్ళి చాలాసేపు చూశాడు. కలం అడిగి రెండు పేర్లకిందా గీత గీశాడు. వచ్చే నెలకు తన ఆస్పత్రిలో ఒకరోజు చీటీలన్నీ తెస్తానన్నాడు. రోగుల పేర్లు కొట్టేసి తెమ్మన్నాను.