చెంచుల మందాకు, మన పరీక్షలు

నల్లమల చెంచులు గాయములకు కట్టు ఆకులను మన కళాశాలలవారు కొనివచ్చి సూక్ష్మజీవులపై పరీక్షించుచున్నారు. సంతోషమే. గాజుపళ్ళెములో సూక్ష్మజీవులను పెంచి, ఆకుసారము నద్దిన కాగితపు బిళ్ళ నుంచెదరు. బిళ్ళచుట్టును అవి పెరుగక విడిచిన వలయమును మిల్లీమీటర్లలో కొలిచెదరు. వ్యాసము అచ్చగును, పట్టము వచ్చును, కథ కంచికి! వలయము మందు కాదు. చెంచు వైద్యుడు నీటితో నూరి పైని కట్టినదానిని వీరు ఆల్కహాలులో నానవేసి పరీక్షించినచో, గెలిచినది ఎవరి మందు? పళ్ళెమున సూక్ష్మజీవిని చంపునది మనుష్యుని మూత్రపిండములను చెరుపదని ఎవరు చూచిరి?

అంతకంటె పెద్ద వ్యాజ్యమొకటి కలదు. గాయములు మాన్పు పసుపుపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయినది. మన పాతగ్రంథములును వ్యాసములును సాక్ష్యము పలికినవి. చెంచులకు గ్రంథము లేదు, నోటిమాటయే. 2002 నాటి జీవవైవిధ్య చట్టము విద్యగలవారికి లాభమున పాలీయవలెనన్నది. కాని వ్యాసమున "స్థానికులు చెప్పిరి" అని విడిచినచో, రేపు మాబోటి వకీళ్ళు న్యాయస్థానమున చూపగల పత్రమేది? ఆకు కోయకమున్నే గూడెపు సమ్మతిని వ్రాతమూలముగ గైకొని, గూడెము పేరును వ్యాసమున అచ్చువేయవలెనని మన కళాశాలల యధికారులను కోరుచున్నాము. అట్టి సమ్మతిపత్రము లేని వ్యాసమునకు పట్టమీయకుందురు గాక.