పచ్చికాయకు పండు ధర

మా అక్కుపల్లి తోటల్లో పనసకాయను రెండు విధాలుగా అమ్ముతారు. లేతగా ఉండగా కోస్తే అది పొట్టుకు, అంటే కూరకు. ముదిరి వాసన వచ్చేదాకా ఆగితే అది పండు. రెంటికీ ధర వేరు, కొనేవారు వేరు. లేతకాయ అమ్మినవాణ్ణి మోసగాడని మా ఊళ్ళో ఎవరూ అనరు, ఎందుకంటే వాడు దాన్ని పండని చెప్పడు కనుక. వీడియో ఆటల గురించి వ్రాయబోతూ పనసతో మొదలుపెట్టడమేమిటని నవ్వుకుంటున్నారేమో! నా వాదమంతా ఆ తేడాలోనే ఉంది, కాస్త ఓపిక పట్టండి.

క్రిందటి వేసవిలో మా మేనల్లుడు సెలవులకు వచ్చాడు. నెలల తరబడి డబ్బు కూడబెట్టి, అప్పుడే విడుదలైన ఒక ఆట డిస్కు కొని, ఆటల పెట్టెతో సహా వెంట తెచ్చుకున్నాడు. డిస్కు పెట్టగానే అది అడిగిన మొదటి కోరిక, అంతర్జాలం నుండి ఒక పెద్ద సవరణను దించుకొమ్మని. మా ఊరి సిగ్నలుతో అందుకు రెండు రాత్రులు పట్టింది. తీరా మొదలుపెట్టాక బొమ్మ బిగుసుకుపోవడం, దాచుకున్న ఆట మాయమైపోవడం. నాకు ఒళ్ళు మండింది. వాడు మాత్రం తాపీగా, "తప్పు నాదే మావయ్యా. విడుదలైన వారంలోనే ఎవడైనా కొంటాడా? ఆర్నెల్లు ఆగవలసింది" అన్నాడు.

ఆట చెడిపోయినందుకంటే ఈ మాటకే నాకు ఎక్కువ బాధ కలిగింది. పూర్తి ధర చెల్లించినవాడు తననే తాను నిందించుకొనే స్థితికి వచ్చాడు.

మా చిన్నతనంలో కాశీబుగ్గ బజారు నుండి తెచ్చిన పెట్టెను టీవీకి తగిలించి, క్యాసెట్ గుచ్చితే కాంట్రా వచ్చేది. క్యాసెట్ మీద 9999 ఆటలని ఉండేది; లోపల చూస్తే తిప్పి తిప్పి ఓ ఇరవై. అదీ అబద్ధమే, కాదనను. కానీ ఆ ఇరవై ఆటలూ పూర్తి ఆటలు. అయితే ఆ కాలమంతా స్వర్ణయుగమని చెప్పబోవడం లేదు. 1982లో అటారీ సంస్థ పండుగ అమ్మకాల కోసం 'ఈ.టీ.' ఆటను ఐదారు వారాల్లో చేయించి, అమ్ముడుపోని సరుకును మరుసటి ఏడు న్యూ మెక్సికో ఎడారి పట్టణంలో పూడ్చిపెట్టింది. తొందర పాతదే. తరువాత దిద్దుకోవచ్చులే అన్న ధీమా కొత్తది.

ఆ ధీమా ఎక్కడికి తీసుకుపోతుందో 'సైబర్‌పంక్ 2077' చూపింది. 2012లో ప్రకటించిన ఆట. మూడుసార్లు వాయిదా పడి 2020 డిసెంబరు 10న వచ్చింది. అప్పటికే ఎనభై లక్షల మంది ముందుగా కొనేశారు. విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటరు ప్రతి మాత్రమే అందింది. పాత ప్లేస్టేషన్ మీద అది ఎలా నడుస్తుందో కొన్నవాళ్ళకు కొన్న తరువాతే తెలిసింది. వారం తిరిగేసరికి సోనీ తన దుకాణం నుండి దాన్ని తీసేసి, డబ్బు వాపసు ఇస్తామన్నది. మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. తయారుచేసినవారిని నిందించవద్దనీ, నిర్ణయం పై వాళ్ళదేననీ సంస్థ పెద్ద ఒకాయన క్షమాపణ చెప్పాడు. ఆ మాట మాత్రం నేను నమ్ముతాను. దోషాల చిట్టా రాసేవాడు ఒకడు, తేదీ పెట్టేవాడు మరొకడు.

నేటి ఆటలు మహాసౌధాలు, ప్రతి యంత్రం మీదా ప్రతి మూలా పరీక్షించడం అసాధ్యం అంటారు. ఒప్పుకుంటాను. అసంపూర్ణం కావడం నేరమని నేననడం లేదు. మన తెలుగు వికీపీడియా 2003 నుండి అసంపూర్ణంగానే ఉంది. చదివేందుకు ఎవరి దగ్గరా ఒక్క రూపాయి ధర పుచ్చుకోలేదు. 'మైన్‌క్రాఫ్ట్' 2009లోనే పచ్చికాయగా, తక్కువ ధరకు అమ్ముడై, 2011 నవంబరులో పండింది. 'బాల్డర్స్ గేట్ 3' అసంపూర్ణమని చెప్పే 2020లో మొదటి అంకాన్ని అమ్మి, 2023 ఆగస్టులో పూర్తి ఆటను చేతిలో పెట్టింది. ఇవి పొట్టుకు కోసిన పనసలు.

మరి 'నో మ్యాన్స్ స్కై'? 2016లో తిట్లు తిని, ఏళ్ళ తరబడి ఉచితంగా దిద్దుకుంటూ మెప్పు పొందింది కదా అంటారు. ఆ పట్టుదలకు నమస్కారం. కానీ లెక్క చూడండి: ఇటువంటి వ్యవహారంలో అందరికంటే ముందు నమ్మినవాడు అందరికంటే ఎక్కువ చెల్లించి, అందరికంటే హీనమైన సరుకు అందుకుంటాడు. రెండేళ్ళు ఆగినవాడికి మంచి ఆట, సగం ధర. నమ్మకానికి జరిమానా విధించే వ్యాపారం ఎంతకాలం నిలుస్తుంది? స్టీమ్ దుకాణం 2015 నుండి, కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు తిరిగి ఇస్తోంది. సంతోషమే. రెండు రాత్రులు దించుకున్న డేటా ఖర్చు మాత్రం అందులోకి రాదు.

మేనల్లుడు తిరుగు ప్రయాణంలో పలాస స్టేషనులో రైలెక్కుతూ, రాబోయే మరో ఆటకు అప్పుడే డబ్బు కట్టేశానన్నాడు. ఎందుకురా అంటే, ముందుగా కట్టినవాళ్ళకు ఆటలో ఒక చొక్కా అదనంగా ఇస్తారట.