ఆటా సేవే

ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన పత్రికలు కనురెప్పకు కుదించేశాయి. ఈ-కేవైసీలో కళ్లార్పలేనివారికి వేరే దారి చూపమన్న మాట నిజమే. కానీ డిజిటల్ సేవలను అందుకోవడం 21వ అధికరణం కిందికి వస్తుందన్నాక అది బ్యాంకు గుమ్మం దగ్గరే ఎందుకు ఆగాలి? జనం కలుసుకుని, అమ్ముకుని, కొనుక్కుని, ఆడుకునే ఆన్‌లైన్ లోకాలకూ అది వర్తించాలి.

ఈ మాట ఎత్తగానే అమెరికాను చూపిస్తారు. చూపు సమస్య ఉన్న ఆటగాడొకరు 2009లో సోనీపై వేసిన దావా 2012లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టులోనూ వీగిపోయింది. ఎందుకు వీగిపోయిందో మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడి 1990 నాటి వికలాంగుల చట్టం హోటల్, థియేటర్, దుకాణం అంటూ జాబితా రాసుకుంది. ఆ సర్క్యూట్ లెక్కలో అవన్నీ నేల మీద కట్టిన చోట్లే. ఆటకూ అలాంటి చోటుకూ లంకె కుదరలేదు, కేసు నిలవలేదు. సదుపాయం కల్పించడం సాధ్యమా, భారమా అన్నదాకా విచారణ పోనేలేదు. ఆ దేశంలోనే మరో చట్టం కింద ఆటల్లోని చాట్‌కు వికలాంగుల సదుపాయాల విషయంలో ఇచ్చిన మినహాయింపు 2018తో ముగిసింది.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టానికి చోటు గొడవ లేదు. ప్రజలకు సేవలందించే అన్ని రూపాలనూ కలుపుకున్న సెక్షన్ 2(ఎక్స్), వినోదాన్ని పేరు పెట్టి మరీ చేర్చింది. సెక్షన్ 46 ప్రైవేటువారినీ వదల్లేదు. ఇక 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం కింది 15(1) నిబంధనను కొట్టేసి, సలహాల్లాంటి ప్రమాణాలు చాలవు, తప్పనిసరివి మూడు నెలల్లో రాయమంది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రమే.

సాంకేతికంగా కుదరదనేవారు ఆన్‌లైన్ లోకమైన సెకండ్ లైఫ్‌ను చూడాలి. అక్కడ కుర్చీ చేసినవారు పేరు పెట్టకపోతే అది 'ఆబ్జెక్ట్'గానే ఉండిపోతుంది. ఆ లోకాన్ని స్క్రీన్ రీడర్ చదవగలిగే అక్షరాల్లోకి మార్చే టెక్స్ట్‌ఎస్‌ఎల్‌ను నెవడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎప్పుడో తయారుచేశారు. పేరులేని కుర్చీ దానికీ అంతుపట్టదు. పేరు రాయనిదే వస్తువును అనుమతించకపోవడం కంపెనీ చేతిలో పని.

సర్వర్ విదేశంలో ఉందన్న సాకు ఒకటి మిగులుతుంది. విదేశీ ఆన్‌లైన్ సేవలపై 2017 నుంచీ జీఎస్టీ వసూలు చేస్తూనే ఉన్నాం. పన్ను రాబట్టేటప్పుడు సేవ అయినది, అంధుడు లోపలికి రావాలనుకున్నప్పుడు కాకుండా పోతుందా? కొత్త నిబంధనల్లో ఆటల పేరు రాసి తీరాలి.